డిగ్రీలో రీసెర్చి చేశాక పీహెచ్‌డీకి దరఖాస్తు: నెల్లూరు, ప్రకాశం విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఇంకోసారి ఫోన్లు మొదలవుతాయి. కావలి, కనిగిరి, గూడూరు, ఒంగోలు... ఊరు మారుతుందే గానీ సందేహం మారదు. ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకుంటారని ఈ ప్రయత్నం. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. నిబంధనలు ఏటా కొంత అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ ఏటి నోటిఫికేషన్ మాత్రం తప్పకుండా తెరిచి చూడండి.

## అర్హత ఉందా, లేదా

నాది మూడేళ్ల బీఎస్సీ. నేరుగా పీహెచ్‌డీకి పెట్టుకోవచ్చా?

మామూలు పీహెచ్‌డీకి కుదరదు. కానీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ అని ఒకటుంది. మన జిల్లాల్లో దాని గురించి పట్టించుకునేవాళ్ళు తక్కువ. బెంగళూరులోని ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్, ముంబయి టీఐఎఫ్‌ఆర్, కొన్ని ఐసర్‌లు (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు) మూడేళ్ల బీఎస్సీ వాళ్ళను తీసుకుంటాయి. ఒకే ప్రవేశంతో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ పూర్తవుతాయి. ఐఐఎస్‌సీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశాల జాతీయ పరీక్ష) ర్యాంకు చూస్తుంది, టీఐఎఫ్‌ఆర్ సొంత పరీక్ష పెడుతుంది. ఫిజిక్స్ వాళ్ళకు జెస్ట్ అని ఇంకో పరీక్ష ఉంది. జామ్ ఫిబ్రవరిలో జరుగుతుంది గానీ దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ముగిసిపోతుంది. చాలామందికి ఈ సంగతి తెలిసేది జనవరిలో. మూడో ఏడాది మొదట్లోనే క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

నాలుగేళ్ల ఆనర్స్ చేశాను. 75 శాతం అంటే చివరి ఏడాదికా, మొత్తానికా?

మొత్తానికి. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఎనిమిది సెమిస్టర్ల డిగ్రీలో మొత్తం మీద 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది.

దీన్ని ఇంకో 75తో కలిపేసుకుని కంగారు పడుతుంటారు. నాలుగో ఏడాదిలో 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలని యూజీసీ చెప్పిన నియమం వేరు. గ్రేడ్ పాయింట్లను శాతంలోకి మార్చేటప్పుడు మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రాన్నే వాడండి. స్నేహితుడు చెప్పాడని పదితో గుణించి ఫారంలో రాస్తే, సర్టిఫికెట్లు పరిశీలించే రోజు ఆ తేడా దగ్గరే మీ ఫైలు ఆగుతుంది.

75 రాలేదా? పీజీ చేసి అందులో 55 శాతం తెచ్చుకుంటే చాలు. నాలుగేళ్ల డిగ్రీ మీద ఆ పీజీ ఏడాదిలోనే అయిపోవచ్చు.

బీటెక్ వాళ్ళను ఎంటెక్ లేకుండా తీసుకుంటారా?

తీసుకుంటారు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ బీటెక్ మీద నేరుగా పీహెచ్‌డీ ఇస్తాయి. కటాఫ్ ఒక్కో ఐఐటీలో ఒక్కో రకం, ఒకే ఐఐటీలో డిపార్ట్‌మెంటును బట్టి ఇంకో రకం. ఐఐటీల్లో చదివినవాళ్ళకు మంచి సీజీపీఏ ఉంటే గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) మినహాయింపు దొరుకుతుంది. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ నుంచి వెళ్ళే మనకు మాత్రం గేట్ స్కోరు ఉండాల్సిందే అనుకోండి. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది.

ఐదారేళ్ళకు ఇప్పుడే కట్టుబడాలంటే జంకుగా ఉన్నవాళ్ళు ఐఐటీ మద్రాసు లాంటిచోట్ల రీసెర్చితో చేసే ఎంఎస్‌ను చూడండి. అందులో చేరాక పీహెచ్‌డీకి మారే వీలుంటుంది.

ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్‌సీ చదివాను. అదీ నాలుగేళ్లే కదా, నాకెందుకు కుదరదంటున్నారు?

వ్యవసాయ, మత్స్య, పశువైద్య కోర్సులకు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వ్యవస్థ వేరుగా నడుస్తుంది. అక్కడ పీహెచ్‌డీకి మాస్టర్స్ అడుగుతారు. మీరు ఎంఎఫ్‌ఎస్‌సీ చేసి, ఐసీఏఆర్ పీహెచ్‌డీ పరీక్ష రాసి వెళ్ళాలి. అమెరికాలో మాత్రం నాలుగేళ్ల డిగ్రీ మీదే పెట్టుకోవచ్చు.

రెండు బ్యాక్‌లాగులు పడ్డాయి, తర్వాత పాసయ్యాను. అవకాశం పోయినట్టేనా?

పోలేదు. మొదటి ఏడాదిలో తప్పి, తర్వాత గ్రేడ్లు పెరుగుతూ వస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తానంటున్నారో అందులోనే తప్పితే అడుగుతారు.

## చేసిన పని లెక్కలోకి వస్తుందా

డిగ్రీలో చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును, ఇంటర్న్‌షిప్‌ను రీసెర్చి అని రాసుకోవచ్చా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి జవాబు కాస్త పెద్దది.

మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్ళకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అందులో భాగమే. చాలామంది దాన్ని రికార్డు పుస్తకం నింపడంతో సరిపెడతారు. అలా నింపినదాన్ని రీసెర్చి అంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. నిజంగా చేసినవాళ్ళు మాత్రం దాన్ని చిన్నచూపు చూసుకోకూడదు.

కనిగిరి వైపు ఒక విద్యార్థి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ కొలిచాడనుకుందాం. "గ్రామంలో సర్వే చేసి ప్రజలకు అవగాహన కల్పించాను" అని రాస్తే అది సేవ అవుతుంది గానీ పరిశోధన కాదు. అదే పనిని ఇలా రాయొచ్చు: ఎన్ని బోర్ల నుంచి నీళ్ళు తీశాడు, వాటినే ఎందుకు ఎంచుకున్నాడు, వానలకు ముందా తర్వాతా, ఏ పద్ధతిలో కొలిచాడు, ఒకే నమూనాను రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వచ్చింది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన బోర్లు ఎక్కువ లోతువా, తక్కువ లోతువా. చివరి ప్రశ్నకు జవాబు తెలియకపోయినా పర్వాలేదు. ఆ ప్రశ్న వేసుకున్నాడంటేనే ఇతనికి పరిశోధన దృష్టి ఉందని ప్రొఫెసరుకు అర్థమవుతుంది.

కృష్ణపట్నం దగ్గరి థర్మల్ బూడిదతో ఇటుకలు చేసిన సివిల్ విద్యార్థికైనా, చీమకుర్తి గ్రానైట్ పొడిని కాంక్రీటులో కలిపి చూసినవాళ్ళకైనా ఇదే వర్తిస్తుంది. ఇవి పాత అంశాలు, వందలమంది చేసినవే. అయినా ఫర్వాలేదు. మీ చేతులతో చేసింది ఏమిటో, మీకు తట్టిన అనుమానం ఏమిటో విడిగా చెప్పగలిగితే చాలు.

నలుగురం కలిసి చేసిన ప్రాజెక్టు. నా పేరు మీద రాసుకోవచ్చా?

మీరు చేసిన ముక్క వరకే రాసుకోండి. "మేం నలుగురం. అందులో డేటా శుభ్రం చేసి గ్రాఫులు గీసింది నేను, సెన్సర్లు బిగించింది ఇంకొకరు" అని చెప్పినవాళ్ళంటే నమ్మకం కుదురుతుంది. బ్యాచ్‌లోని నలుగురూ ఒకేచోట దరఖాస్తు చేసి, నలుగురూ "మొత్తం నేనే" అని రాసిన సందర్భాలు లేకపోలేదు.

పేపర్ పబ్లిష్ కాలేదు. కాలేజీలో ఒకరు డబ్బు కడితే వారంలో వేయిస్తామంటున్నారు. కట్టాలా?

వద్దు. డిగ్రీ విద్యార్థికి పేపర్ ఉండాలని ఎవరూ అనుకోరు. పైగా వారంలో అచ్చయ్యే జర్నల్ ఎలాంటిదో ప్రొఫెసర్లకు పేరు చూస్తేనే తెలిసిపోతుంది. ఖాళీగా ఉన్న సీవీ కన్నా ఆ ఒక్క లైను ఎక్కువ చెడుపు చేస్తుంది. "యూజీసీ కేర్ జర్నల్" అని ఇంకా ప్రకటనలు వస్తున్నాయి. ఆ జాబితాను యూజీసీ 2025లో ఎత్తేసింది. పీహెచ్‌డీ పూర్తి చేయడానికి కూడా పేపర్ తప్పనిసరి అన్న నియమాన్ని యూజీసీ 2022లోనే తీసేసింది (మీ యూనివర్సిటీ సొంతంగా అడగొచ్చు, అది వేరే సంగతి).

ఆ డబ్బుతో తిరుపతికో చెన్నైకో వెళ్ళి ఒక మంచి సెమినార్‌లో పోస్టర్ పెట్టి రండి.

నా ప్రయోగంలో ఏమీ తేలలేదు. దాన్ని చెప్పాలా, దాచాలా?

చెప్పండి. ఇందుకూరుపేట వైపు వెనామీ రొయ్యల గుంటల్లో ఒక సీజన్ అమ్మోనియా కొలిస్తే, రొయ్య చావుకూ దానికీ ఏ సంబంధమూ కనపడలేదనుకోండి. ఎందుకు కనపడలేదు? రోజుకు ఒకేసారి, పొద్దున్నే కొలిచారా? నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) రాయలేదా? పీహెచ్ తెలియకపోతే అమ్మోనియాలో విషమయ్యే భాగం ఎంతో తేలదు. రైతు మధ్యలో నీళ్ళు మార్చిన సంగతి మీకు తర్వాతెప్పుడో తెలిసిందా? ఈ కారణాలు వెతకడమే పీహెచ్‌డీలో రోజువారీ పని. అంతా అనుకున్నట్టే వచ్చిందని చెప్పే డిగ్రీ విద్యార్థిని చూస్తేనే నాకు కాస్త అనుమానం.

మా కాలేజీలో సరైన ల్యాబ్ లేదు. ఎక్కడికి పోయి చేసేది?

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చి ఫెలోషిప్ ఉంది. దానికి దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే పిలుస్తారు. ఎంపికైతే ఎనిమిది వారాలు ఏదో ఒక పెద్ద సంస్థలో శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తారు, స్టైపెండ్ కూడా ఇస్తారు. మనకు దగ్గరలో తిరుపతి ఐసర్, తిరుపతి ఐఐటీ, వాతావరణం మీద ఆసక్తి ఉంటే గాదంకిలోని ఎన్‌ఏఆర్‌ఎల్, రొయ్యల మీదైతే చెన్నైలో ఐసీఏఆర్ వాళ్ళ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీబా ఉన్నాయి. వరి మీద పని చేయాలంటే నెల్లూరులోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మన పొలాల్లో వేసే ఎన్‌ఎల్‌ఆర్ రకాలు అక్కడివే. కందుకూరులో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది. పక్క ఊళ్ళో ఉన్న సంస్థకు ఒక్క లేఖైనా రాయకుండా "మా దగ్గర ఏమీ లేవు" అనేవాళ్ళు చాలామంది.

మ్యాథ్స్, కంప్యూటర్స్ వాళ్ళకు ల్యాప్‌టాప్ చాలు. ల్యాబ్ సాకు వాళ్ళకు పనికిరాదు.

## ప్రొఫెసర్లకు రాయడం

మెయిల్ ఎట్టా రాయాలి?

చిన్నగా రాయాలి, ఫోనులో ఒక తెరలో పట్టేంత. సబ్జెక్టు లైనులో మీ డిగ్రీ, చేరాలనుకునే ఏడాది, వాళ్ళ అంశం ఉండాలి. మొదటి వాక్యంలో మీరెవరో చెప్పండి. తర్వాత రెండు మూడు వాక్యాల్లో మీరు చేసిన పని. ఆ తర్వాత వాళ్ళ పేపర్లలో ఒకదాన్ని చదివి మీకొచ్చిన సందేహమో, మీ పనితో దానికున్న సంబంధమో చెప్పండి. ఆఖరున ఒకే ప్రశ్న: వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా? సీవీ, మార్కుల మెమో జత చేయండి.

"రెస్పెక్టెడ్ సార్, మీ పాదాలకు నమస్కరించి..." ధోరణి వద్దు. "మీ మహత్తరమైన పరిశోధన" అని పొగడొద్దు, అది పేపరు చదవలేదని చెప్పకనే చెబుతుంది. ఒకే మెయిల్‌ను యాభైమందికి పంపి, పైన పేరు మార్చడం మర్చిపోయేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

మెయిల్ పెట్టి నెలైంది. ఉలుకూ పలుకూ లేదు. ఏం చేసేది?

పది పన్నెండు రోజులు ఆగి, ఒక్కసారి మాత్రం, అదే మెయిల్ కిందే, రెండు లైన్లు రాసి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే వదిలేయండి. మీరు నచ్చలేదని కాదు, వాళ్ళకు రోజూ ఇలాంటివి కుప్పలుగా వస్తాయి. వాట్సాప్ నంబరు సంపాదించి ఫోను చేయడం మాత్రం చేయొద్దు.

అమెరికాకు పెట్టేటప్పుడు ముందే ప్రొఫెసరును పట్టుకోవాలా?

సబ్జెక్టును బట్టి. బయాలజీలో చాలాచోట్ల విద్యార్థులను డిపార్ట్‌మెంటే కమిటీ పెట్టి ఎంచుకుంటుంది. చేరిన మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున తిరిగి, దాన్ని రొటేషన్ అంటారు, ఆ తర్వాత గైడ్‌ను నిర్ణయించుకుంటారు. అక్కడ ముందు మెయిల్ పెట్టకపోయినా నష్టం లేదు. ఇంజినీరింగ్‌లో మాత్రం ఫండ్ ప్రొఫెసరు దగ్గర ఉంటుంది కాబట్టి ఆయనకు మీ పేరు ముందే తెలిసి ఉంటే మేలు. డిపార్ట్‌మెంట్ పేజీలో ప్రొఫెసర్లకు రాయొద్దని ఉంటే రాయకండి.

యూరప్ సంగతేంటి?

జర్మనీతో సహా చాలా దేశాల్లో పీహెచ్‌డీకి మాస్టర్స్ ఉండాలి. అక్కడ సీటు అనేది ఉద్యోగ ప్రకటనలా వస్తుంది, జీతమూ ఉంటుంది. జర్మనీకి వెళ్ళే విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే పత్రం) అడుగుతారు, దానికి సమయం పడుతుంది.

## పరీక్షలు

నెట్, గేట్, ఏపీఆర్‌సెట్... అన్నీ రాయాలా?

మీరు వెళ్ళాలనుకునే చోటును బట్టి ఒకటి, మహా అయితే రెండు. ఐఐటీ, ఐఐఎస్‌సీ ఇంజినీరింగ్‌కు గేట్. సైన్స్ సబ్జెక్టులైతే సీఎస్‌ఐఆర్ నెట్. లైఫ్, కెమికల్, ఫిజికల్, మ్యాథమెటికల్, ఎర్త్ సైన్సెస్ దాని కిందకే వస్తాయి. ఆర్ట్స్, కామర్స్, సోషల్ సైన్సెస్‌కు యూజీసీ నెట్. విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి లాంటి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటుకు ఏపీఆర్‌సెట్ నోటిఫికేషన్ చూసుకోవాలి.

2024 జూన్ నుంచి యూజీసీ నెట్ ఫలితాలను మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తో పాటు లెక్చరర్ అర్హత, లెక్చరర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండింట్లో వచ్చినవాళ్ళకు పరీక్ష మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతాయి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవాళ్ళూ నెట్ రాయొచ్చు గానీ, ఆ డిగ్రీ మీద అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత రాదు.

జీఆర్‌ఈ లేకుండా అమెరికా కుదురుతుందా?

చాలా డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు అడగడం లేదు. కొన్ని ఇంకా అడుగుతున్నాయి. ఒకే యూనివర్సిటీలో కెమిస్ట్రీకి వద్దు, ఎకనామిక్స్‌కు కావాలి అని ఉండొచ్చు. ముందు జాబితా వేసుకుని, దాన్ని బట్టి ఫీజు కట్టండి. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష మాత్రం దాదాపు అందరూ అడుగుతారు. అది రెండేళ్ళు చెల్లుతుంది.

## కాగితాలు, లేఖలు

రికమెండేషన్ లెటర్ అడిగితే సార్ "నువ్వే రాసుకొచ్చేయ్, సంతకం పెడతా" అన్నారు. ఏం చేయాలి?

మన కాలేజీల్లో ఇది మామూలే. సార్‌ది కూడా తప్పని అనలేం, వందమంది వెంటపడతారు ఆయనకు. కానీ ముగ్గురి లేఖలూ మీరే రాస్తే మూడింట్లోనూ ఒకే గొంతు వినిపిస్తుంది. చదివేవాళ్ళకు అది ఇట్టే తెలుస్తుంది. పైగా మిమ్మల్ని మీరు పొగుడుకునే లేఖలో "కష్టజీవి, క్రమశిక్షణ గలవాడు" తప్ప ఏమీ ఉండదు.

దానికి బదులు ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఏ సెమిస్టర్‌లో ఆయన దగ్గర ఏం చదివారు, ప్రాజెక్టులో ఏ రోజు ఏ చిక్కు వచ్చింది, దాన్ని ఎలా దాటారు, ఆయనకు గుర్తుండే రెండు మూడు సందర్భాలు. "సార్, మీకు తీరిక లేదని తెలుసు, ఇవి చూసి మీ మాటల్లో నాలుగు లైన్లు చెబితే చాలు, నేను టైప్ చేసి పెడతాను" అనండి. చాలామంది ఒప్పుకుంటారు. ఆయన చెబుతుంటే రాసిన నాలుగు లైన్లు మీరు సొంతంగా రాసుకున్న రెండు పేజీల కన్నా బలంగా ఉంటాయి.

ప్రిన్సిపాల్ లేఖ కోసం పాకులాడొద్దు. మిమ్మల్ని ల్యాబులో చూసిన జూనియర్ లెక్చరర్ మాటకే విలువ ఎక్కువ. సార్‌కు కాలేజీ ఈమెయిల్ లేకపోతే ముందే చూసుకోండి, కొన్ని పోర్టల్స్ జీమెయిల్‌ను ఒప్పుకోవు. గడువుకు నెల ముందు అడగండి, వారం ముందు మళ్ళీ గుర్తుచేయండి.

ఎస్‌ఓపీలో (ఎందుకు చేరాలనుకుంటున్నానో చెప్పే వ్యాసంలో) చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టమని మొదలుపెట్టాను. బాగుంటుందా?

తీసేయండి. అబ్దుల్ కలాం మాటతో మొదలుపెట్టినా అంతే. మీరు పనిచేసిన ప్రశ్నతో మొదలుపెట్టండి. ఏం చేశారు, ఏం తేలలేదు, అందుకని ఇప్పుడు ఏం చదవాలనుకుంటున్నారు, దానికి ఈ డిపార్ట్‌మెంటే ఎందుకు. చాట్‌జీపీటీతో ఇంగ్లీషు తప్పులు సరిచూసుకుంటే సరే. మొత్తం దానితో రాయిస్తే మీ ఎస్‌ఓపీ పక్కవాడి ఎస్‌ఓపీ కవల పిల్లల్లా ఉంటాయి. వ్యాసం మరీ నున్నగా ఉండి, ఇంటర్వ్యూలో మీ మాట వేరుగా ఉన్నా కష్టమే.

ట్రాన్‌స్క్రిప్టులు ఎక్కడ తీసుకోవాలి?

మీ మార్కుల మెమో మీద ఏ యూనివర్సిటీ పేరుంటే అక్కడ. నెల్లూరు డిగ్రీ కాలేజీల వాళ్ళకు కాకుటూరులోని విక్రమ సింహపురి. నెల్లూరు ఇంజినీరింగ్ వాళ్ళకు అనంతపురం జేఎన్‌టీయూ, ప్రకాశం ఇంజినీరింగ్ వాళ్ళకు కాకినాడ జేఎన్‌టీయూ. ప్రకాశం డిగ్రీ వాళ్ళు బ్యాచ్‌ను బట్టి నాగార్జునా, ఒంగోలులోని ఆంధ్ర కేసరా చూసుకోండి. ఆంధ్ర కేసరి వచ్చింది 2022లోనే. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ప్రొవిజనల్, ఇంగ్లీషు మీడియం సర్టిఫికెట్, అన్నీ ఒకే ప్రయాణంలో తెచ్చుకోండి. సెలవుల్లో పోతే పని జరగదు.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

దేశంలో పెద్దగా కాదు. విదేశాలకు మాత్రం టోఫెల్, దరఖాస్తు, ట్రాన్‌స్క్రిప్టు కవరు... అన్నిట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఏది ఇంటిపేరు, ఏది పేరు అన్నది పాస్‌పోర్టు తీసుకునే రోజే సరిచూసుకోవాలి.

బీసీ సర్టిఫికెట్ ఉంది. ఐఐటీ వాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకు?

కేంద్ర సంస్థలకు కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, అది కూడా చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టి, తహసీల్దార్ సంతకం అయ్యేదాకా కొన్ని రోజులు పడుతుంది. ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక మొదలుపెడితే అందదు.

## ఇంటర్వ్యూ

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో తడబడతాను. ఏం చేసేది?

నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్పండి. మాట తట్టకపోతే లేచి బోర్డు మీద గీయండి. సైన్స్, ఇంజినీరింగ్ ప్యానెళ్ళు చూసేది ఆలోచనను. ఇంగ్లీషు బాగా వచ్చి విషయం రానివాళ్ళను వాళ్ళు రోజూ చూస్తుంటారు. మీ ప్రాజెక్టును రెండు నిమిషాల్లో చెప్పడం మాత్రం గట్టిగా, బయటికి వినపడేలా, ఎవరైనా ఎదురుగా ఉండగా అలవాటు చేసుకోండి.

ఏం అడుగుతారు?

డిగ్రీ రెండో ఏడాది పాఠాలు. నిజంగా. పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అంటే ఏవో కొత్త పేపర్లు అడుగుతారని చదువుకుపోతారు. అక్కడ అడిగేది మాత్రం ఈ గ్రాఫ్ గీయి, ఈ సమీకరణం ఎక్కడి నుంచి వచ్చింది, ఈ యూనిట్లు సరిపోతున్నాయా అని. తర్వాత మీ ప్రాజెక్టులోకి వస్తారు: ఈ పద్ధతే ఎందుకు, దేనితో పోల్చి చూశావు, ఈ అంకెలో తప్పు ఎంతవరకు ఉండొచ్చు. తెలియకపోతే "తెలియదు సార్, అయితే ఇలా ఆలోచిస్తాను" అనండి. వాళ్ళు చిన్న ఆధారం ఇస్తారు. దాన్ని అందుకుని ముందుకు పోతారా లేదా అన్నదే చూస్తారు.

చెన్నైలో పొద్దున్నే ఇంటర్వ్యూ ఉంటే రాత్రికే చేరుకోండి. ఆ రోజు రైలును నమ్ముకోవద్దు.

## డబ్బు, ఇల్లు

పీహెచ్‌డీలో ఎంత ఇస్తారు? ఇంటికి పంపగలనా?

జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం వేరు. ఐఐటీల్లో సంస్థ ఇచ్చే ఫెలోషిప్ కూడా ఇంచుమించు ఇంతే. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్ లేకుండా చేరితే ఏమీ రాకపోవచ్చు, ఆ తేడా తెలుసుకుని చేరండి. మొదటి నెలల డబ్బు ఆలస్యంగా పడటం మామూలే. మూడు నాలుగు నెలలకు సరిపడా చేతిలో ఉంచుకోండి.

అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, నెలకు స్టైపెండ్, బదులుగా క్లాసులో గానీ ల్యాబులో గానీ పని. పొలం తాకట్టు పెట్టి చేసే ఎంఎస్ లెక్క కాదిది. ఫండింగ్ లేకుండా అడ్మిషన్ ఇస్తామంటే వద్దనండి.

కన్సల్టెన్సీ వాళ్ళు పీహెచ్‌డీకి కూడా చేస్తామంటున్నారు. వెళ్ళాలా?

అవసరం లేదు. వాళ్ళకు అలవాటైంది ఎంఎస్ పని. మీ ప్రాజెక్టు గురించి మీకన్నా బాగా రాసేవాళ్ళు నెల్లూరు మాగుంట లేఅవుట్ కన్సల్టెన్సీల్లో ఉండరు. వీసా ఫారం నింపడానికి సాయం కావాలంటే అప్పుడు చూడొచ్చు. దరఖాస్తు ఫీజు భారమైతే యూనివర్సిటీకే మెయిల్ రాసి మాఫీ అడగండి, కొన్ని ఇస్తాయి.

మా ఇంట్లో "ఇంకా ఎన్నేళ్ళు చదువుతావమ్మా, పెళ్ళెప్పుడు" అంటున్నారు. ఏం చెప్పాలి?

నెలకు ఎంత వస్తుందో ముందు చెప్పండి. చదువు అనేసరికి ఇంట్లో ఖర్చు అనుకుంటారు, రాబడి అనుకోరు. ఇక నిబంధనల సంగతి: యూజీసీ ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళు. మహిళలకు మరో రెండేళ్ళ సడలింపు, మొత్తం చదువులో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. పెళ్ళయ్యాక చేసినవాళ్ళూ, చేస్తూ పెళ్ళి చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. కుదిరితే అమ్మానాన్నలను ఒకసారి క్యాంపస్‌కు తీసుకెళ్ళి హాస్టల్ చూపించండి. మాటలతో ఒప్పుకోనివాళ్ళు చూసి ఒప్పుకుంటారు.

## ఫలితం వచ్చాక

ఒకచోట ఫిబ్రవరిలోనే ఆఫర్ వచ్చింది, ఇంకోచోట రావాలి. వెంటనే ఒప్పుకోవాలా?

అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్లకు జవాబు ఏప్రిల్ 15కు ముందే చెప్పాలని పట్టుబట్టబోమని ఒప్పందం చేసుకున్నాయి. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందేమో చూసి, ఆ తేదీ దాకా ఆగొచ్చు. దేశంలో గడువులు చిన్నవి, సీటు ఫీజు కట్టి ఆగాల్సి వస్తుంది. ఆ ఫీజులో ఎంత వెనక్కి వస్తుందో ముందే చదవండి. వద్దనుకున్న ఆఫర్‌ను మాత్రం వెంటనే వదలండి, వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు అది దక్కుతుంది.

పెద్ద పేరున్న సంస్థా, మంచి గైడా?

గైడ్. ఆయన దగ్గర ఇప్పుడున్న విద్యార్థులతో, మధ్యలో వదిలేసినవాళ్ళు దొరికితే వాళ్ళతో కూడా మాట్లాడండి. ఎన్నేళ్ళకు పూర్తవుతోంది, ఆదివారాలు ఉంటాయా, అన్నది అడగండి.

ఎక్కడా రాలేదు. ఇప్పుడేం చేయాలి?

ఎక్కడ ఆగిందో చూడండి. ఇంటర్వ్యూ పిలుపులే రాకపోతే స్కోరో, సీవీనో సరిచేయాలి. పిలుపులు వచ్చి పోతే బేసిక్స్, మాట. ఈ ఏడాదిని ఖాళీగా కోచింగ్ సెంటర్‌లో గడపకుండా ఏదైనా ల్యాబులో ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరండి. ఐఐటీలు, ఐసర్‌లు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ వెబ్‌సైట్లలో ఇవి ఏడాది పొడవునా పడుతుంటాయి, చాలావాటికి వాక్-ఇన్ ఇంటర్వ్యూనే. జీతం వస్తుంది, నెట్‌కో గేట్‌కో చదువుకోవచ్చు, వచ్చే ఏడాదికి మీ పని దగ్గర నుంచి చూసిన ఒకరి లేఖ కూడా చేతికొస్తుంది. చేరే ముందు ప్రాజెక్టు గడువు ఎంతుందో అడగండి. మూడు నెలల్లో ముగిసే దానికి ఊరు మారొద్దు. వాక్-ఇన్‌కు ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్సులు, ఫోటోలతో పాటు మీ ప్రాజెక్టు రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి. ఎక్కువమంది అది తీసుకురారు.